అమ్మ హ్యాండ్‌బ్యాగు ఏది?

శనివారం పొద్దున గిన్నెలు తోముకుంటూ ఫోన్లో పాత ఇటాలియన్ పాటల కొత్త డాన్స్ వెర్షన్లు వరసగా పెట్టుకున్నాను. బాయిలర్ చూసే మనిషి సోమవారం వస్తాడని చెప్పడానికి మా ఓనరమ్మ తలుపు కొట్టింది. ఆవిడకి ఎనభై దాటాయి. పుట్టింది నేపుల్స్ పక్క ఊళ్ళో. 1960ల్లో భర్తకి ఇక్కడ టురిన్‌లో, కార్ల ఫ్యాక్టరీలో పని దొరికితే అతని వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయింది. చెప్పాల్సిన మాట చెప్పేసినా వెళ్ళకుండా గుమ్మంలో నిలబడింది. అప్పుడు మోగుతున్నది 'వి నో స్పీక్ అమెరికానో'. పాట అయిపోయింది. ఆవిడ ఇంకా ఫోన్ వైపే చూస్తోంది.

"మిగతాది?" అంది.

"అంతే సిన్యోరా, అయిపోయింది."

"అయిపోవడమేమిటి? అమ్మ హ్యాండ్‌బ్యాగు ఏది?"

నాకేం అర్థం కాలేదు. ఈ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది. ఇటాలియన్‌లో అద్దె బేరమాడగలను, ట్రాఫిక్ జరిమానా మీద అప్పీలు కూడా రాసుకోగలను. నేపుల్స్ భాష దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాను. మన తెలుగుని 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అంటారని, రెండూ అజంత భాషలేనని చిన్నప్పుడు స్కూల్లో మురిసిపోయాం కదా, నేపుల్స్ వాళ్ళు సరిగ్గా ఆ చివరి అచ్చుల్నే మింగేస్తారు. తడి చేతులతో నిలబడ్డ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, లైను లైనుకీ ఆగుతూ, ఆవిడే మామూలు ఇటాలియన్‌లో అర్థం చెప్పింది.

అసలు పాట 1956 నాటిది. బాణీ కట్టి పాడింది నేపుల్స్ పియానిస్టు రెనాటో కరోసోనే. మాటలు నీసా అనే కలం పేరుతో రాసే నికోలా సలేర్నోవి. 1943లో అమెరికన్ సైనికులు నేపుల్స్‌లో దిగారు. వాళ్ళతోపాటు వాళ్ళ సిగరెట్లూ వాళ్ళ జాజూ దిగాయి. పదేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో కుర్రాళ్ళకి అమెరికా పిచ్చి బాగా ముదిరింది. పాటంతా అలాంటి ఒక కుర్రాడి మీద వెటకారం. వెనకాల ముద్ర ఉన్న ప్యాంటు, అంచు పైకెత్తిన టోపీ, టొలేడో వీధిలో పోజు కొడుతూ షికారు, విస్కీ సోడా, రాక్ అండ్ రోల్, బేస్‌బాల్. అన్నీ వరసగా చెప్పుకొచ్చి, మరి నీ కేమెల్ సిగరెట్లకి డబ్బులెవరిస్తున్నార్రా అని అడుగుతాడు. జవాబు కూడా పాటే చెప్తుంది: 'లా బోర్సెత్తా ది మమ్మా'. అమ్మ హ్యాండ్‌బ్యాగు.

ఆ లైను దగ్గర ఓనరమ్మ చంకలో లేని బ్యాగుని గట్టిగా అదిమి పట్టుకుని నవ్వింది. 1956లో వాళ్ళ వీధిలో అందరూ అలాగే నవ్వేవారట. ప్రతి ఇంట్లోనూ అలాంటివాడు ఒకడుండేవాడు కాబట్టి.

## మమ్మల్నే తిట్టిన పాట

2010లో నేను ఇంజనీరింగ్ ఫైనలియర్. ఆ ఏడాది ఇద్దరు ముగ్గురు ఆస్ట్రేలియా వాళ్ళు, యోలాండా బీ కూల్, డీకప్ అనే పేర్లతో, కరోసోనే పాటలోంచి ముక్కలు కోసి కింద దరువు వేసి వదిలారు. జులైలో బ్రిటన్‌లో నంబర్ వన్. ఫ్రెషర్స్ డే నాటికి మా హాస్టల్ గ్రౌండుకీ వచ్చేసింది. అద్దె స్పీకర్లలో ఒకటి గరగరమంటున్నా నాలుగుసార్లు వేయించుకున్నాం. 'పా పా అమెరికానో' ఒక్కటే తెలుసు, మిగతాదంతా నోటికొచ్చిన కూతలు.

ఆ రోజుల్లో మా ఫ్లోర్‌లో ఎవడి మంచం కింద చూసినా జీఆర్ఈ పుస్తకాలే. నా రూమ్మేటు టోఫెల్ కోసమని 'వాటర్'ని 'వాడర్' అనడం ప్రాక్టీసు చేసేవాడు. ఒకరోజు మెస్‌లో అలవాటుకొద్దీ "అన్నా, వాడర్" అన్నాడు. వడ్డించే అన్న వాడి ప్లేటులో వడ పెట్టి వెళ్ళిపోయాడు.

నా కోచింగు ఫీజూ, అప్లికేషన్ల ఖర్చూ ఎక్కడినుంచి వచ్చాయంటే, ఖమ్మంలో మా అమ్మ చీటీ ఎత్తితే వచ్చాయి. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే చేతికి ఎక్కువ అందేదే. నా గడువు తేదీల కోసం నష్టానికి పాడేసింది. గ్రౌండులో మేం అమెరికానో అని ఎగురుతుంటే అక్కడ మా అమ్మ పాడింది ఆ పాట.

అంటే ఎవరి మీద వెటకారంగా రాశారో వాళ్ళే చేతులు పైకెత్తి మరీ ఎగిరారన్నమాట. ఆ రాత్రి గ్రౌండులో అర్థం తెలిసినవాడు ఒక్కడూ లేడు. తెలిసుంటే ఆపేసేవాళ్ళమా? అబ్బే, ఇంకోసారి వేయించుకునేవాళ్ళం. కాకపోతే పక్కవాడి భుజం మీద ఒక్కటిచ్చి, ఒరేయ్ ఇది నీ గురించేరా అని నవ్వి ఉండేవాళ్ళం. ఆ నవ్వు మాకు అందలేదు. ఆలోచించేకొద్దీ నా బాధ అదొక్కటేనని తోస్తోంది.

(నాకు అమెరికా వీసా రాలేదు. ఫీజు తక్కువ, స్కాలర్‌షిప్ కూడా దొరకొచ్చని ఎవరో చెబితే ఇటలీకి అప్లై చేశాను. కరోసోనే వింటే దీనికి ఇంకో చరణం కట్టేవాడేమో.)

## పల్లవి పట్టుకుపోయారు

పాత పాటకి దరువు వేసి మళ్ళీ వదలడం పాపమనే జాతి కాదు నేను. శుక్రవారం రాత్రి నన్ను చూసినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. నా ఫిర్యాదు చిన్నది. ఈ డాన్స్ కవర్లు చేసేవాళ్ళు చాలామంది పల్లవి పట్టుకుపోతున్నారు, చరణాన్ని అక్కడే వదిలేస్తున్నారు. ఆ తరం ఇటాలియన్ పాటల్లో అసలు సరుకంతా ఉండేది చరణంలోనే.

పల్లవి మిగతా పాటని మింగేయడమంటే ఏమిటో చెప్పడానికి 1958 నాటి 'నెల్ బ్లూ దిపింతో ది బ్లూ' ఒక్కటి చాలు. ఈ పేరు చెప్తే ఎవరికీ తెలియదు. 'వొలారే' అంటే తెలుస్తుంది. దొమేనికో మొదూన్యో పాట. ఆ ఏడాది ఇటలీలో శాన్‌రెమో పాటల పోటీలో మొదటి బహుమతి, యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో మూడో స్థానం, అమెరికాలో నంబర్ వన్, 1959లో మొట్టమొదటి గ్రామీల్లో రెండు పెద్ద అవార్డులు. ఇంత పేరొచ్చాక కూడా పాట తన పేరు తాను నిలబెట్టుకోలేకపోయింది. పల్లవిలోని ఒక్క మాట పేరుని కూడా తినేసింది.

దాని చరణంలో ఏముందంటే, ఒకడు కలలో చేతులకీ ముఖానికీ నీలం రంగు పూసుకుంటాడు. అంతలో గాలి వచ్చి వాణ్ణి ఎత్తుకుపోతుంది. ఎగరడం ఆ తర్వాతి సంగతి. మొదూన్యో ఈ ముక్కని దాదాపు మాట్లాడుతున్నట్టు, తొందర లేకుండా, తనకే నమ్మకం కుదరనట్టు పాడతాడు. ఆ నిదానం అయ్యాక చేతులు చాపి 'వొలారే' అంటే మనకీ కాళ్ళు నేల మీద ఆనవు. రన్‌వే లేకుండా నేరుగా ఆకాశంలో మొదలుపెడితే ఎగిరినట్టే ఉండదు. మా ఆఫీసు పక్కన జిమ్‌లో ఒక వెర్షన్ వేస్తారు. మొదటి సెకను నుంచీ వొలారే, వొలారే, ఓ ఓ. ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతూ వింటుంటే నీలం రంగు పూసుకున్న ఆ పిచ్చివాడు ఎటు పోయాడా అనిపిస్తుంది.

దీనికి కళాకారుల మనస్తత్వం కన్నా పనిముట్లే ఎక్కువ కారణమనుకుంటాను. యాభైల్లో బ్యాండంతా ఒకే గదిలో కూర్చుని వాయిస్తే రికార్డు చేసేవారు. అంతా మోనో. గొంతూ పియానోవూ డ్రమ్సూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. పైగా గాయకుడు చరణంలో ఆగుతాడు, సాగదీస్తాడు, ఒక మాట మింగి ఇంకో మాట మీద నిలబడతాడు. డాన్స్ ట్రాక్ అలా ఆగదు. నిమిషానికి నూట ఇరవై చిల్లర దెబ్బలు గడియారంలా పడుతూనే ఉండాలి, లేకపోతే డీజే తర్వాతి పాటతో కలపలేడు. ఆ గడియారానికి ఇమిడేది లయ గట్టిగా ఉన్న పల్లవి, నాలుగు బూర ముక్కలు, ఒక కేక. చరణం ఇమడదు. కాబట్టి కత్తెర. 2010లో ఇది ఒప్పుకోదగ్గ కారణమే. ఇప్పుడు పాత మోనో రికార్డులోంచి కూడా గొంతుని విడదీసి ఇచ్చే సాఫ్ట్‌వేర్లు ల్యాప్‌టాప్‌లోనే దొరుకుతున్నాయి. అయినా చరణం తిరిగి రాలేదు. పదిహేను సెకన్ల వీడియోలొచ్చాక పల్లవిలో కూడా సగమే మిగులుతోంది.

## నా వాదంలో చిల్లులు

ఇంతవరకూ రాసి ఓ వారం పక్కన పెట్టాను. ఈలోపు నా మాటకే అడ్డం వచ్చినవి కొన్ని తట్టాయి.

ఒకటి, ఆ ఆస్ట్రేలియా వాళ్ళు చరణాన్ని పూర్తిగా వదిలేశారనడం తప్పు. నిన్ను ప్రేమించేవాళ్ళతో సగం అమెరికన్ మాట్లాడితే వాళ్ళకి నువ్వెలా అర్థమవుతావు, వెన్నెల్లో కూర్చుని 'ఐ లవ్ యూ' అనాలని నీకెలా తోచింది అనే ముక్కని ఉంచారు. పాటలో బ్యాగు లైను తర్వాత అంత పదునైన చోటు అదే. నేను వందసార్లు విని కూడా పట్టుకోలేకపోయానంటే లోపం కత్తెరది కాదు, నా చెవిది.

ఇంకొకటి, 'అసలు పాట' అని నేను అంత ధీమాగా అంటున్నది ఏది? 1958 శాన్‌రెమోలో ఆ 'వొలారే'ని మొదూన్యో ఒక్కడే పాడలేదు. జానీ దోరెల్లి అనే కుర్రాడు కూడా పాడాడు. అప్పట్లో పద్ధతే అది. ఒక్కో పాటని ఇద్దరేసి, వేర్వేరు ఆర్కెస్ట్రా కూర్పులతో పాడాలి. పోటీ పాటల మధ్య, పాడేవాళ్ళ మధ్య కాదని. అంటే కవర్ అనేది ఆ పాట పుట్టిన వేదిక మీదే ఉంది. ఇక కరోసోనే సంగతి సరేసరి. అమెరికా పిచ్చిని వెక్కిరించడానికి ఆయన వాడుకున్నది అమెరికా స్వింగునే. తర్వాత ఎవరో వచ్చి ఆయన పాటకి ఇంకో దేశం దరువు వేస్తే, పెద్దాయనకి అభ్యంతరం చెప్పే హక్కు ఎంతుందో నాకు అనుమానమే.

చరణాన్ని ఉంచుకునే ఎగిరించినవాళ్ళూ ఉన్నారు. 1989లో జిప్సీ కింగ్స్ అనే బృందం వాళ్ళు 'వొలారే'ని గిటార్ల మీద రుంబా చేసేశారు. చరణాన్ని స్పానిష్‌లోకి మార్చుకున్నారు కానీ నీలం రంగు పూసుకోవడాన్ని వదల్లేదు. ఆ గొంతు బొంగురుగా కల చెప్పుకొచ్చి పల్లవిలో పడుతుంటే పెళ్ళిళ్ళలో ముసలాళ్ళు కూడా లేచి నిలబడతారు. డాన్స్ చేయించడానికి చరణం అడ్డమన్న వాదన అక్కడే వీగిపోయింది.

అన్నిటికన్నా నన్ను ఇరుకున పెట్టింది మాత్రం మా ఊరి డీజే. గాబ్రీ పోంతె టురిన్ వాడు, ఐఫెల్ 65 అనే డాన్స్ బృందంలో పనిచేసినవాడు. 2000ల మొదట్లో 'జోర్డీ' అనే పాటకి డాన్స్ బీటు వేశాడు. జెనోవా గాయకుడు ఫాబ్రిజియో దె ఆంద్రే 1960ల్లో ఇటాలియన్‌లో పాడిన పాత ఇంగ్లీషు జానపద గాథ అది. రాజుగారి అడవిలో జింకల్ని దొంగిలించిన జోర్డీకి ఉరిశిక్ష పడుతుంది. అతని ప్రాణం నిలపమని బతిమాలడానికి ఒక అమ్మాయి లండన్ వెళ్తుంది. ప్రాణం నిలవదు. గాథ కాబట్టి పల్లవి అంటూ లేదు, మొదటినుంచి చివరిదాకా చరణాలే. కత్తిరించుకుపోవడానికి ఏమీ లేక, కథ కథంతా పాడించాల్సి వచ్చినట్టుంది. నా వయసు టురిన్ వాళ్ళని ఎవర్ని కదిపినా ఆ పాట నోటికి వచ్చు. మా టీమ్‌లో ఒకమ్మాయి, పదహారేళ్ళప్పుడు డిస్కోలో ఎగురుతూ ఎగురుతూ మధ్యలో ఆగి, వాణ్ణి నిజంగానే ఉరి తీసేస్తారా అని పక్కనున్న ఫ్రెండుని అడిగిందట. డాన్స్ ఫ్లోర్ మీద ఆ ప్రశ్న పుట్టించగలిగితే ఇంకేం కావాలి! దె ఆంద్రే అభిమానుల్లో ఈ వెర్షన్ పేరెత్తితేనే మండిపడేవాళ్ళున్నారు. నేను వాళ్ళ పక్షం కాదు.

రిక్కీ ఎ పోవెరి వాళ్ళ 'సరా పెర్కే తీ ఆమో' లాంటివి కూడా ఉన్నాయి. 1981 శాన్‌రెమోలో ఐదో స్థానం వచ్చిన ఆ పాటని ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియాల్లో కేకలేసి పాడతారు, నానా రకాల బీట్లలో వేస్తారు. అంతా గందరగోళంగా ఉంది, నిన్ను ప్రేమిస్తున్నందుకేనేమో అంటుంది. అందులో ఏ ముక్క తీసేసినా పోయేదేమీ లేదు. కొన్ని పాటలు నిలువెల్లా పల్లవే.

## రెండు బెల్లా చావ్‌లు

ఏప్రిల్ 25 ఇటలీకి నాజీల, ఫాసిస్టుల చెర వదిలిన విమోచన దినం. ముందురోజు రాత్రి టురిన్‌లో దివిటీల ఊరేగింపు ఉంటుంది. ఒక ఏడాది నేనూ వెళ్ళాను. నా ముందు ఒక పెద్దాయన మెడలో ఎర్ర రుమాలు కట్టుకుని, మైనం చేతి మీద కారకుండా దివిటీకి అడుగున కాగితం చుట్టుకుని నడుస్తున్నాడు. ఎవరో 'బెల్లా చావ్' ఎత్తుకున్నారు. వాయిద్యం లేదు, చప్పట్లు కూడా అక్కడక్కడే. ఆఖరి చరణాలకి వచ్చేసరికి గొంతులు ఇంకా తగ్గాయి. నన్ను కొండ మీద, ఒక అందమైన పువ్వు నీడలో పాతిపెట్టండి, దారిన పోయేవాళ్ళు ఎంత బాగుందీ పువ్వు అనుకుంటారు, స్వేచ్ఛ కోసం చనిపోయినవాడి పువ్వది.

అదే వసంతంలో ఒక బార్‌లో డాన్స్ వెర్షన్ విన్నాను. 'మనీ హైస్ట్' అనే స్పానిష్ సీరియల్ పుణ్యమా అని 2018లో ఈ పాటకి రీమిక్సులు వరద కట్టాయి. హ్యూగెల్ చేశాడు, స్టీవ్ అయోకి, మార్నిక్ కలిసి ఒకటి చేశారు, ఇంకా ఎందరో. 'చావ్ చావ్ చావ్' దగ్గర సంగీతం ఒక్క క్షణం ఆగి, దబ్బున బీటు పడింది. గ్లాసులు పైకి లేచాయి. నేనూ ఎగిరాను, దాచడమెందుకు. పువ్వు దగ్గరికి రాకుండానే డీజే తర్వాతి పాటలోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఇంటికొచ్చాక కొంచెం సిగ్గేసింది, తెల్లారేసరికి పోయింది.

ఇక్కడా అవతలి వాదానికి బలముంది. యుద్ధకాలంలో పార్టిజాన్లు, అంటే ఫాసిస్టుల మీద పోరాడిన గెరిల్లాలు, ఈ పాటని నిజంగా ఎంతమంది పాడారన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. 1964లో స్పొలేతో ఉత్సవంలో పాడినప్పుడు వరిచేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళ పాటగా కూడా వినిపించారు. అంటే ఇప్పుడు మనం పట్టుకున్న పాఠం కూడా చేతులు మారుతూ వచ్చిందే. 2020లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నప్పుడు పంజాబీలో ఇదే బాణీ వినిపించింది గుర్తుందా? చట్టాలు వెనక్కి తీసుకోమంటూ వాళ్ళు చరణాలు కొత్తగా కట్టుకున్నారు. ఇటాలియన్ మాట ఒక్కటీ లేకపోయినా, ఊరేగింపులో విన్నదానికి ఆ పంజాబీ పాటే నాకు చుట్టమనిపిస్తుంది, బార్‌లో విన్నది కాదు. పాత చరణం వద్దనుకుంటే కొత్తది రాసుకోవచ్చు. ఖాళీగా వదిలేయడమే నాకు నచ్చనిది.

మన సినిమాల్లో రీమిక్సుల్ని మనం ఎన్ని తిట్టుకున్నా, ఈ ఒక్క విషయంలో వాటిని మెచ్చుకోవాలి. మామయ్య పాటని అల్లుడు చేసినా, చరణాలతో సహా, అవసరమైతే బిందెలతో సహా మళ్ళీ తీస్తారు. అలాగని మనకి చరణాల మీద పెద్ద గౌరవముందని కాదు. అంత్యాక్షరిలో ఎవరైనా పల్లవి దాటి పాడితే "చాలు చాలు, అక్షరం చెప్పు" అని కసిరేది మనమే. నాకు నోటికొచ్చిన తెలుగు పాటలు రెండొందలుంటాయేమో, చరణాలు మాత్రం ఇరవై కూడా దాటవు. ఇలాంటివాణ్ణి నేపుల్స్ చరణం కోసం గుండెలు బాదుకుంటున్నాను.

పైగా ఆ 2010 కత్తెర పాట లేకపోతే ఖమ్మం కుర్రాడి చెవిన కరోసోనే పేరు పడేదా? ఓనరమ్మతోనూ ఈ మాటే అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "తలుపు తీసిచ్చారు, సరే. లోపలికి రావడానికి నీకు ఇన్నేళ్ళు పట్టిందిగా" అంది. తర్వాత బాయిలర్ మనిషికి డబ్బు నగదుగానే ఇవ్వాలని, కార్డు తీసుకోడని మరోసారి గుర్తుచేసి వెళ్ళింది.

ఆ సాయంత్రం మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పాట అర్థం తెలుగులో టైపు చేసి పెట్టాను, హ్యాండ్‌బ్యాగు లైనుతో సహా. గ్రూపులో పద్నాలుగు మందిమి, తొమ్మిదిమంది అమెరికాలోనే. చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత డాలస్‌లో ఉన్న నా రూమ్మేటు, ఆ 'వాడర్' వాడు, రెండే ముక్కలు పెట్టాడు: "మా నాన్న పొలం." ఇంకో పది నిమిషాలకి న్యూజెర్సీ నుంచి ఇంకొకడు, "బాగుందిరా, కానీ ఇంత పెద్దది ఎవడు చదువుతాడు, ఆ బీటు పడే చోటు ఎన్నో నిమిషమో చెప్పు, మా వాడి బర్త్‌డేకి కట్ చేయించాలి" అన్నాడు. వెతికి, నిమిషమూ సెకన్లూ పంపించాను.